ఎండుచేపల వెబ్‌సైటుకి పరీక్ష

“బాబూ, బాతులు కూడా అమ్ముతన్నావేటి?”

గంగాలమ్మ ఫోనును కళ్లకు దూరంగా పట్టుకుని అడిగింది. వీరేంద్ర నోరు తెరవబోయాడు. ఎదురుగా కూర్చున్న అనూరాధ పెదవుల మీద వేలు పెట్టుకుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ పేజీలో ఉన్నవి వానమట్టలనే చేపలు. ‘బాంబే డక్’ అంటే పెద్ద హోటల్లో పేరులా ఉంటుందని అతనే పట్టుబట్టి రాయించాడు.

హార్బరు దగ్గర ఆ ఎండుచేపల కొట్టు వాళ్ల నాన్న పెట్టింది. ఆయన పోయాక బేరాలు పల్చబడ్డాయి. జనమంతా ఫోన్లోనే కొంటున్నారు కదా అని వీరేంద్ర వెబ్‌సైటు పెట్టించాడు. రీల్సు చేశాడు. లైకులు వేలల్లో వచ్చాయి. సైటులోకి మనుషులూ వచ్చారు. వచ్చినట్టే వెళ్లిపోయారు. మూడు నెలల్లో ఒకే ఒక్క ఆర్డరు, అదీ స్నేహితుడు కన్నబాబుది.

“ఈ నెలాఖరుదాకా సూడు. నేదంటే కొట్టు మూసీసి, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికెల్లిపో” అంది వాళ్లమ్మ సూర్యకాంతమ్మ.

సైటు బాగుచెయ్యడానికి అనూరాధ వస్తూ పోతూ ఉండటం మొదలై రెండు నెలలైంది. వచ్చినప్పుడల్లా వీరేంద్ర ఆమెతో ఒక మాట చెప్పాలనుకునేవాడు. తీరా ఆమె తలెత్తి చూస్తే, “ఆ అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యచ్చేటండీ?” అనేవాడు. అలా అక్షరాలు నాలుగుసార్లు పెద్దవయ్యాయి.

ఈ పరీక్ష ఆలోచన అనూరాధదే.

“మామూలు మనిషి చేతికి ఫోనిచ్చి చేపలు కొనమందాం. ఎక్కడ ఆగిపోతారో చూద్దాం. మీరు పక్కనే కూర్చోవాలి. సైటు గురించి ఒక్క ముక్క చెప్పకూడదు. కోపం అసలే రాకూడదు. వేరే కబుర్లు ఏవైనా చెప్పుకోవచ్చు.”

“అయిదుగుర్ని పిలవాలన్నారు కదండీ?”

“ముందు ఈవిడొక్కరు చూస్తే చాలు.”

అలా వచ్చింది గంగాలమ్మ, జరీ అంచు చీర కట్టుకుని.

“నీకు తోచినట్టు చెయ్యమ్మా” అంది అనూరాధ.

గంగాలమ్మ వేలు ఆనించగానే కొట్టంతా అలల హోరు. ఆమె ఉలిక్కిపడి ఫోను బల్ల మీద పడేసింది. “సముద్రం ఎదురుగానే ఉంది కదు బాబూ, మళ్లీ ఇందులో ఎందుకు?”

వీరేంద్ర పళ్లు బిగించి నవ్వాడు.

అలలు తగ్గాక ఈమెయిలు ఇమ్మంటూ ఒక పెట్టె తెర మొత్తం కప్పేసింది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత ఉంది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ తప్పిపోయింది.

“మీ అమ్మ నీకాడే ఉంటాదా?” అని హఠాత్తుగా అడిగింది, నాలుగోసారి నొక్కుతూ.

“నా దగ్గరే అమ్మా. ఈ చేపలన్నీ ఆవిడే ఎండబెడతాది. తెల్లారి నాను తిరగేస్తాను.”

“నువ్వా?”

“ఆవిడకి నడుం నొప్పి. మాటిమాటికీ వంగలేదు.”

పెట్టె మూసుకుంది. గంగాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “మరి ఆ ముక్క ఇందులో రాయవేటి? వొండేసిన కూర బొమ్మెట్టేవు. నాను కొనేది కూరా, సేపా?”

వీరేంద్ర చెవులు వేడెక్కాయి. ఆ కూర ఫొటో కూడా అతని ఎంపికే.

చివరికి నెత్తళ్లు ఎంచుకుంది. పాస్‌వర్డ్ పెట్టమంది సైటు. పెట్టింది. పెద్దక్షరం ఒకటుండాలంది. పెట్టింది. ఒక అంకె ఉండాలంది. గంగాలమ్మ ఫోను పక్కన పెట్టేసింది. మొహం చిన్నబోయింది.

“నావల్ల కాదు బాబూ. పెద్ద సదువు నేనిదాన్ని. తెలివితక్కువదాన్ని.”

ఇక వీరేంద్ర ఉండలేకపోయాడు.

“అలాగనకమ్మా. తప్పు నీది కాదు, నాను పెట్టించిన పేజీది. నీలాంటోళ్లు ఎంతమంది ఇలాగే బాధపడి ఎల్లిపోయేరో!” అని లేచి వెళ్లి, పక్క హోటలు నుంచి టీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

నిబంధన తప్పాడు. అనూరాధ కసురుతుందనుకున్నాడు. ఆమె తలవంచుకుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. గంగాలమ్మ టీ తాగినంతసేపూ కొట్టును, తూకాన్ని, అతని చొక్కా కాలరును కూడా తీరిగ్గా చూసి వెళ్లింది.

వారం తిరిగేలోగా సైటు మారిపోయింది. అలలు పోయాయి. పాస్‌వర్డ్ పోయింది. బాంబే డక్ మళ్లీ వానమట్టలైంది. చేప చేపలాగే కనబడింది. ఇసుకలో చేపలు ఆరబోస్తున్న సూర్యకాంతమ్మ ఫొటో పైకొచ్చింది. కింద బొటనవేలంత బొత్తం: ‘కొంటాను’.

మొదటి ఆర్డరు సబ్బవరం నుంచి. మర్నాడు తగరపువలస నుంచి రెండు. ఆదివారానికి పొట్లాలు కట్టలేక సూర్యకాంతమ్మ కేకలేస్తోంది. స్టీల్‌ప్లాంటు మాట మళ్లీ ఎత్తలేదు.

సోమవారం అనూరాధ రాగానే వీరేంద్ర ఏరి ఏరి కట్టిన ఎండురొయ్యల పొట్లం బల్ల మీద పెట్టాడు.

“ఇది గంగాలమ్మగారికండీ. ఆవిడ లేకపోతే కొట్టు మూసీవోడిని. మిగతా నలుగురూ ఎందుకు, ఆవిడనే ఇంకోసారి తీసుకురండి. మళ్లీ అంతా సూపిద్దాం.”

అనూరాధ పొట్లం అందుకుంది. దాని దారాన్ని వేలికి చుట్టుకోసాగింది.

“మళ్లీ చూడక్కర్లేదట” అంది.

“ఏం, సైటు నచ్చలేదా?”

“అబ్బాయి నచ్చేడంది మా అమ్మ.”