చల్లగాలి పద్రీనో

"చొక్కాతోనే స్నానం చేసి వచ్చావా ఏంటి, పెద్దాయనా?" అన్నాడు ఎలీసియో, షెడ్డు గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి.

ముసలాయన చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఆగస్టు ఎండ మామూలుది కాదు. అయినా మరీ ఇంత చెమటా!

"కాసిని మంచినీళ్లిస్తావా, నాయనా?"

ఎలీసియో కుళాయి వైపు చెయ్యి చూపించి మళ్లీ బానెట్‌లోకి వంగాడు. అతని కంగారు అతనిది.

రేపే కూతురు యెసెనియాకి పదిహేనేళ్ల పండుగ. తాతయ్య పాత కారులోనే చర్చికి వెళ్తానని పిల్ల పట్టుబట్టింది. ఆ బరువైన గౌనుతో ఏసీ లేని కారెక్కనివ్వనని తల్లి తెగేసి చెప్పింది. నేను చూసుకుంటానని ఎలీసియో మాటిచ్చేశాడు.

ఇచ్చాక తెలిసింది, అంత పాత కంప్రెసర్ ఎక్కడా దొరకదని.

కిందటి వారం స్నేహితుడు నాచో ఒకటి మోసుకొచ్చాడు. "ఎవరిచ్చారని అడక్కు. పండుగకి తనే వచ్చి చెప్తాడట."

మెక్సికో నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ మనుషుల్లో అంతే. కేకు ఖర్చు భరించే పెద్దమనిషిగా ఒక పద్రీనో, చెప్పులకి ఒక పద్రీనో, బాజాలకి ఒక పద్రీనో. పిల్ల పండుగకి తలా ఒక చెయ్యి వేస్తారు. చల్లగాలికి కూడా పద్రీనో దొరికాడని యెసెనియా ఎగిరి గంతేసింది. ఆయనతో డాన్సు చేస్తానంది.

బిగించిన కంప్రెసర్‌ని చివరిసారి చూద్దామని ఎలీసియో కాసేపు ఏసీ నడిపి, నూనె కంప్రెసర్‌లోకి చేరాక ఇంజన్ ఆపాడు. రెండు పక్కలా వాల్వులు మూసి, మరను మెల్లగా వదులు చేశాడు. బుస్సుమని గ్యాస్ పోయింది. నూనె ఎంతుందో చూడ్డానికి, వంచిన తీగను లోపలికి దించి పైకి తీశాడు.

"నూనె సరిపోయిందా?" అన్నాడు ముసలాయన.

"సరిగ్గా గీత దగ్గరుంది. ఎంత శుభ్రంగా ఉందో! ఎవడోగానీ చంటిపిల్లను సాకినట్టు సాకాడు. రేపు ఆ మారాజు వస్తే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా."

ముసలాయన నవ్వి, రెండడుగులు లోపలికేశాడు. "ఒక్కసారి నడిపిస్తావా? లోపల కూర్చుని, ఆ గాలి ముందు చెయ్యి పెట్టి చూస్తా."

ఎలీసియోకి చిర్రెత్తుకొచ్చింది. సీట్లకి తెల్ల తోలు కొత్తగా వేయించాడు.

"నీళ్లన్నావు, ఇప్పుడు గాలంటున్నావు. ఇంకాసేపుంటే భోజనానికీ వస్తానంటావు. ఆ చెమటతో నా సీట్లు పాడు చెయ్యకు. పద్రీనోలకే తప్ప ఇక్కడ ఎవరికీ చోటు లేదు, వెళ్లు!"

ముసలాయన వేసిన రెండడుగులూ వెనక్కి వేశాడు.

"పిల్ల చల్లగా ఉండాలి, నాయనా" అని మాత్రం అని ఎండలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు యెసెనియా నుదుట చెమట బొట్టు లేకుండా చర్చి దగ్గర దిగింది.

విందులో పద్రీనోలను ఒక్కొక్కరినే పిలిచారు. లేచినవాళ్లకల్లా చప్పట్లు కొట్టారు. చల్లగాలి వంతు వచ్చేసరికి ఎవరూ లేవలేదు. ఆయనకివ్వాల్సిన గులాబీ పట్టుకుని పిల్ల ఖాళీ కుర్చీ వంక చూస్తూ నిలబడింది.

ఎలీసియో నాచో పక్కకి చేరాడు. "మీ మారాజు రాలేదేం, కంపాద్రే?"

"ఫిదెన్సియోనా? నిన్న నీ షెడ్డుకొచ్చాడుగా! పాపం, పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఇన్నేళ్లలో ఎవరూ పద్రీనోగా పిలిచింది లేదు. ఎంత సంబరపడ్డాడో! సాయంత్రం ఫోన్ చేసి, అక్కడ నాకు చోటు లేదట, ఊరెళ్లిపోతున్నా అన్నాడు. ఏం జరిగిందిరా?"

ఎలీసియో తలెత్తలేకపోయాడు. కూతురి వైపు అసలే చూడలేకపోయాడు.

"ఆయనకి... ఇలాంటి పాత సామాను చాలా ఉండి ఉంటుంది" అని గొణిగాడు. అలాగైనా కొంత సిగ్గు తగ్గుతుందేమోనని.

"సామానెక్కడిది? ఉన్నదల్లా మీ నాన్న కారు లాంటిదే ఒక్క కారు" అన్నాడు నాచో. "దాని ఏసీ కంప్రెసర్ విప్పి నీ కూతురికిచ్చేసి, లారేడో నుంచి రెండున్నర గంటలు ఆ మండుటెండలో దాంట్లోనే వచ్చాడు."