చిన్న అక్షరాలు కూడా

అప్‌డేట్ అయిన మర్నాడు లాప్‌టాప్ తెరుచుకోలేదు.

నల్లటి తెర, గుండ్రంగా తిరిగే చుక్కలు, కాసేపటికి నీలం తెర, దాని నిండా తెల్లటి తెలుగు అక్షరాలు. ఆపి మళ్ళీ వేసినా అదే వరస.

బొత్తాలమ్మ కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి మూడోసారి చూసింది. రోజంతా చొక్కాలకు బొత్తాలు కుట్టే ఆమెకు వీధిలో ఆ పేరే ఖాయమైపోయింది.

ఆ లాప్‌టాప్‌లో ఆమె భర్త గొంతు ఉంది.

ఆయన బస్సు డ్రైవరు. జబ్బుపడి ఇంట్లో ఉన్న ఆఖరి నెలల్లో భార్యకు చదువు నేర్పాలని పంతం పట్టాడు. తనుండగా పూర్తి కాదని తెలిసి, ముప్ఫై పాఠాలు చెప్పి రికార్డు చేసిపెట్టాడు.

"నేను చెబుతా, నువ్వు రాయి. తొందరేం లేదు, బస్సు నా చేతిలోనే ఉంది."

ప్రతి పాఠమూ అలాగే మొదలవుతుంది.

ఇరవై ఒకటి రాసింది. మిగిలిన తొమ్మిదీ ఒక్కసారి కూడా వినలేదు. అయిపోతే ఆయన గొంతులో కొత్త మాట ఇక ఉండదని, నెలకొకటే వింటోంది.

అల్లుడు వచ్చి చూసి, రీసెట్ కొడితే కొత్తదానిలా అయిపోతుందన్నాడు. మరి లోపలున్నవి ఉంటాయా అని అడిగితే తల గోక్కున్నాడు. చివరికి సర్వీసువాళ్ళకి ఫోన్ చేశాడు.

అవతల ఒక మగగొంతు, నెమ్మదిగా, తెర మీద ఏముందో చదవమంది. అల్లుడు గబగబా నాలుగు మాటలు చదివి, మిగతాదంతా మామూలేనన్నాడు. ఫొటో తీసి పంపించాడు కూడా.

"ఫొటో వద్దండీ. ఆ మామూలే చదవండి."

రెండోసారీ అల్లుడు సగం మింగేశాడు.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అత్తయ్య ఉంది. కూడబలుక్కుని చదువుతుంది. తెల్లారిపోతుంది."

"ఆవిడకే ఇవ్వండి."

అల్లుడు మొహం మాడ్చుకుని ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

బొత్తాలమ్మకు చెవులు వేడెక్కాయి. "నాకు చదువు ఈమధ్యే వచ్చింది బాబూ. ఆ ఫొటో ఏదో చూసుకో, నన్నెందుకు ఇబ్బంది పెడతావు?"

"మీరు చదవండమ్మా. నేను వింటాను."

తెర మీద వేలు పెట్టింది.

"ట్ర... బుల్... షూట్."

అల్లుడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"దాని కింద చిన్న అక్షరాలుంటాయి. అవి కూడా."

అలా ఒక్కో తెరా. ఎక్కడో రీసెట్ అన్న మాట వచ్చింది. అదే అదే అంటూ అల్లుడు చెయ్యి చాపాడు.

"నొక్కకండి. కింద ఏముందో చదవండి."

"మీ... ఫైళ్ళను... ఉంచుకోవచ్చు... లేదా... తీసి... వేయ..."

కాలుతున్న ఇస్త్రీపెట్టెను తాకినట్టు వేలు వెనక్కి తీసుకుంది.

గంటన్నర పట్టింది. చొక్కా కోసం వచ్చిన ఒకాయన అరుగు మీద కాసేపు కూర్చుని, తర్వాత వస్తానని వెళ్ళిపోయాడు. చిట్టచివరికి, కొత్తగా వచ్చిన అప్‌డేట్‌ను తీసేసే మాట ఏ తెరలో, ఎన్నో వరసలో ఉందో ఆమె వేలికే దొరికింది. లాప్‌టాప్ ఓసారి ఆరిపోయి వెలిగింది. తెర మీది ఫొటోలో, బస్సు పక్కన నిలబడి ఆమె భర్త నవ్వుతున్నాడు.

ఆ గొంతు అప్పుడు కూడా వదల్లేదు. పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోమని, ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పమంది.

"ముప్ఫై," అంది ఆమె.

"ఇక పెట్టేయండమ్మా."

కాసేపటికి, మా సేవ ఎలా ఉందో చెప్పమంటూ ఫోన్‌లో అయిదు నక్షత్రాలు వచ్చాయి. గంటన్నర బడిపిల్లలా అక్షరాలు పలికించాడని అల్లుడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. అల్లుడి ముందు తడబడిన సిగ్గు ఆమెకూ తగ్గలేదు. ఒక్క నక్షత్రం నొక్కింది. పంపిన ఫొటో చూడనేలేదని కింద అల్లుడు రాశాడు.

పది రోజుల తర్వాత మందుల కొట్లో నిలబడి, డబ్బాలోని కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివేసింది. అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా. చదివాక గాని తను చదివానని తెలియలేదు.

తను చదువుతుంటే చాల్లే అనకుండా విన్నవాళ్ళు లోకంలో ఇద్దరే. అందులో ఒకరు లేరు.

ఆ రాత్రి పడుకోబోతూ ఫోన్‌లో విన్న గొంతును బట్టి కొలతలు ఊహించుకుంది. నాలుగు రోజుల్లో ఒక చొక్కా కుట్టింది. సర్వీసు ఆఫీసు వెతుక్కుంటూ రెండో అంతస్తు ఎక్కింది.

ముందు బల్ల దగ్గర అమ్మాయి, ఆయన నిన్ననే మానేశారంది. ఫొటోలు చూడడం లేదని ఫిర్యాదులు ఎక్కువయ్యాయట. ఈ నెల నుంచి ఫొటో చూసే మాట్లాడాలని రూలు పెట్టారట.

బొత్తాలమ్మ చొక్కా పొట్లం గుండెకు ఆనించుకుంది. "ఒక్కసారి చూస్తే ఏం పోయేది తల్లీ ఆయనకి?"

అమ్మాయి వెనక్కి తిరిగింది. మూల బల్ల వైపు చూపించింది. అన్ని బల్లల మీదా తెరలున్నాయి, ఆ బల్ల మీద మాత్రం చెవులకు పెట్టుకునేది ఒక్కటే ఉంది.

పుట్టుకతోనే చూపులేని ఆ మనిషి, ఆ రోజు ఆమె ఫోన్ పెట్టేశాక, "ఇవాళ ఒకావిడ ఒక్క అక్షరం కూడా మింగకుండా చదివింది, తెర మొత్తం చూశాను" అని ఆఫీసులో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడట.