దెబ్బకీ దెబ్బకీ మధ్య

"అయ్యో ఆంటీ! మళ్ళీ తొందరపడ్డారు. బాణం విల్లులోనే ఉండిపోయింది చూడండి."

నెనిటా తెర వైపు చూడనేలేదు. మౌస్ మీంచి చెయ్యి తీసి, చెమట గౌనుకి తుడుచుకుంది. "మళ్ళీ చెప్పవే," అంది.

రోవెలిన్ మళ్ళీ చెప్పింది. పొద్దుట్నుంచి ఇది పదోసారి.

"బాణం వదలాలి. రెండోది ఎక్కించేలోపు ఊరికే నిలబడకూడదు, ఒక అడుగు వెయ్యాలి. మళ్ళీ బాణం. మళ్ళీ అడుగు. ముందే కదిలారా, బాణం పోదు. కదలకుండా నిలబడ్డారా, ప్రాణం పోతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య కదలడం, అంతే. బ్రహ్మవిద్యేం కాదు."

చెప్పినంత సులువా? నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇలోయిలో ఊరి బజారులో ఎండుచేపలు అమ్మే చేతులు. మొన్నమొన్నటిదాకా ఇదే కంప్యూటర్ని చూపించి, "దీన్ని తీసుకెళ్ళి ఏట్లో పారేస్తా" అని కొడుకు మీద అరిచిన తల్లి.

కొడుకు పేరు జెఫ్రెల్. ఇంట్లో అందరికీ తోతో. రోవెలిన్ వాడి జట్టులో ఆడే పిల్ల, కాలేజీలోనూ వాడి తోటిదే. మూడు వారాల క్రితం వానలో బైక్ జారి తోతో పోయాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు.

అప్పటికి వాడి అమ్మమ్మ పాసింగ్, వాళ్ళ మాటలో లోలా, గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉంది. ఆవిడకి చూపు పోయి ఆరేళ్ళు. డాక్టరు నెనిటాని పక్కకి పిలిచి మరీ చెప్పాడు. "మీ అమ్మగారి చెవిన ఏ చెడుమాటా వెయ్యకండి. తట్టుకోలేరు." ఎవరూ వెయ్యలేదు. ఇప్పుడు శుక్రవారం ఆవిడని ఇంటికి పంపేస్తున్నారు.

లోలా మంచానికీ తోతో గదికీ మధ్య ఒక్క ప్లైవుడ్ గోడ. మనవడు ఇంట్లో ఉన్నాడో లేడో ఆవిడకి చప్పుడే చెప్పేది: కీబోర్డు టక్కు, మౌసు టిక్కు. టక్ టిక్, టక్ టిక్. ఆటలో ఉంటే వాడు నోరు విప్పడు. పిలిస్తే గోడ మీద రెండుసార్లు కొడతాడు. అదే జవాబు.

అందుకే ఈ చదువు.

"నేనేం గెలవక్కర్లేదే," అంది నెనిటా. "వాడి చప్పుడు రావాలి. మా అమ్మవి పాము చెవులు. తేడా తెలిసిందా, అమ్మ కూడా దక్కదు నాకు."

రోవెలిన్ కళ్ళు మూసుకుని విన్నది. "ఇంకా మీ చప్పుడే వస్తోంది ఆంటీ."

మధ్యాహ్నం నెనిటా అన్నం, మునగాకు వేసిన కోడిపులుసు తెచ్చి పెట్టింది. ఒక్క కంచమే.

"మరి మీరు?"

"ఆకలి లేదు. నువ్వు తిను."

మూడు వారాలుగా అదే మాట. గౌను భుజాల మీంచి జారిపోతోంది. చెబితే వింటేగా!

తోతోకి ఒక పనికిమాలిన అలవాటుండేది. ప్రతి నాలుగో బాణం తర్వాత ఊరికే ఇంకో టిక్. ఎందుకురా అది, దండగ, అని రోవెలిన్ ఎన్నిసార్లు తిట్టిందో! ఇప్పుడు ఆ తప్పునే పనిగట్టుకుని నేర్పింది. గురువారం సాయంత్రానికి అదీ కుదిరింది. టక్ టిక్, టక్ టిక్, టక్ టిక్, టక్ టిక్... టిక్. రోవెలిన్‌కి కుర్చీలో ఎవరున్నారో చూడాలంటే భయం వేసింది.

శుక్రవారం లోలా వచ్చింది. మంచం మీద కూర్చుంటూ కూతురి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"తోతో ఏడే?"

"ఇంకెక్కడుంటాడమ్మా? గదిలోనే. ఆ దిక్కుమాలిన ఆట!"

చెయ్యి విడిపించుకుని, గదిలోకి వెళ్ళి కూర్చుంది.

టక్ టిక్, టక్ టిక్.

లోలా కాసేపు విన్నది. "ఒరేయ్ తోతో! తిన్నావా?"

గోడ మీద రెండు దెబ్బలు.

"అబద్ధాలకోరు వెధవా! చెంచా చప్పుడేదిరా? నాకు వినపడేలా తిను."

నెనిటా బిక్కచచ్చిపోయింది. పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి, కొడుకు కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. చెంచాతో కంచం గీకింది.

"గీకడం కాదురా! నమలడం ఏదీ?"

ఇక తప్పలేదు. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు కంచంలో పడుతున్నా నమిలింది, మింగింది.

ఆ రోజు నుంచి రెండుపూటలా ఇదే తంతు. "అంతేనా? ఇంకో నాలుగు చెంచాలు తినరా!" ఈ ముసలిదానికి ఇంత చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందని నెనిటా విసుక్కుంది. విసుక్కుంటూనే తిన్నది.

తోతో పోయిన నలభయ్యో రోజున రోవెలిన్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, అటునుంచి అటే వాళ్ళింటికి వచ్చింది. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. గోడ అవతల నాలుగో బాణం. దాని వెనకే ఆ దండగ టిక్. ఒక్క క్షణం తోతోయే ఉన్నాడనుకుంది. 'ఒరేయ్' అని పిలవబోయి నోరు నొక్కుకుంది.

ఇక చాలు, అనుకుంది. గుడ్డి ముసలావిడని ఇలా మోసం చెయ్యడం పాపం. నేర్పింది తనేగా, చెప్పాల్సిందీ తనే. వెళ్ళి, పెద్దలకి పెట్టే దణ్ణంగా లోలా చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

"లోలా, మీకో నిజం చెప్పాలి. గుండె గట్టి చేసుకోండి. తోతో..."

లోలా చప్పున ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఒరేయ్ తోతో! తిన్నావా?" అని గోడ వైపు కేకేసింది.

టక్ టిక్ ఆగింది. కాసేపటికి చెంచా కంచానికి తగిలింది. ఒకటి, రెండు, మూడు. లోలా తల వంచి, చివరి చెంచా దాకా విన్నది.

తర్వాత రోవెలిన్ చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది: "వాడు పోయిన సంగతి నాకు ఆసుపత్రిలోనే తెలుసే, కానీ నా కూతురు వాడి కంచంలో అయితేనే తింటోంది."