తొంభై దాటితే

"ఎంత దాటితే డేంజర్, మరియా? గది కరెక్టుగ చెప్పు," ఫోన్‌లో అడిగింది అశ్రిత.

మరియా ఆమె చిన్ననాటి స్నేహితురాలు. గాజులరామారంలో కంప్యూటర్లు బాగుచేస్తుంది.

"వోల్టేజి ఒకటీ పాయింట్ మూడు దాటొద్దు. వేడి తొంభై డిగ్రీలు దాటొద్దు. ప్రాసెసర్ స్పీడు కొంచెం కొంచెం పెంచుకుంట పో. అసలే పాతది, పైలం!"

ఆ రెండు అంకెలనూ అశ్రిత గట్టిగా గుర్తుపెట్టుకుంది. ఈ రోజు ఆఫీసు కంప్యూటర్ సంగతేదో తేలిపోవాలి.

శామీర్‌పేటలో గౌరయ్య రియల్ ఎస్టేట్ ఆఫీసు. ఇంకా పునాది కూడా పడని విల్లాలకు కంప్యూటర్‌లో వీడియోలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఆ పాత కంప్యూటర్ నత్తనడక నడిచి ఒక్క వీడియో ఇచ్చేసరికి పొద్దుగూకిపోతుంది. ఆమె నాగారం చేరేసరికి కూతురు వర్ష నిద్రపోతుంది. "మా అమ్మ ఆదివారమే వస్తది" అని ఆ పిల్ల పక్కింటావిడతో చెప్పిందట. అది విన్నప్పటి నుంచి అశ్రిత మనసు మనసులో లేదు.

స్పీడు పెంచింది. వోల్టేజి పెంచింది. తెర నీలంగా మారి, మిషన్ ఆగిపోయి, మళ్లీ పాత అంకెలతోనే లేచి కూర్చుంది.

"థూ, నీ పాడుగాను!"

మళ్లీ పెంచింది. మరియా చెప్పిన వోల్టేజి అంకె దగ్గరకు రాగానే లోపలి మదర్‌బోర్డు అడ్డం పడింది. ఇంకో మెట్టు ఎక్కనివ్వలేదు. పైగా గాలి తిరిగి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చెత్త కంపు గుప్పున కొట్టింది. విసురుగా లేచి కిటికీలన్నీ బిగించి వచ్చింది.

వేడి ఎనభై అయిదు. ఎనభై ఎనిమిది. తొంభై. అశ్రిత ఊపిరి బిగబట్టింది. అంతలో ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదించి డెబ్బై అయిదుకు దిగిపోయింది. ఆమె బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. ఏడుపొక్కటే తక్కువ.

గౌరయ్య తొంగిచూశాడు.

"ఏంది బిడ్డా, గింత ఉడుకుతాంది రూము?" అంటూ టేబుల్ ఫ్యాన్‌ను కంప్యూటర్ వైపు తిప్పాడు. ఆయన అటు వెళ్లగానే ఆమె దాన్ని తన వైపు తిప్పేసుకుంది.

మధ్యాహ్నమంతా ఇదే వరస. విసిగిపోయి మరియాకు మళ్లీ ఫోన్ చేసింది.

"ప్రాసెసర్లు గట్లనే ఉంటయ్. వాటిని అవే కాపాడుకుంటయ్. నువ్వు ఫికర్ చెయ్యకు," మరియా నవ్వింది. ఆ నవ్వుకు అశ్రితకు ఒళ్లు మండింది.

ఆ రోజు వీడియో మామూలు కంటే ముందే తయారైంది. గౌరయ్య మురిసిపోయాడు.

"శబాష్ బిడ్డా! ముసలిదాన్ని గుర్రం లెక్క ఉరికించినవ్. మిగిలిన టైముల మేడ్చల్ వెంచర్ వీడియోలు గూడ దీని మీదనే చేసెయ్యి ఇగ!"

అశ్రిత కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం కాబోలనుకున్నాడాయన.

ఉన్నది కాలిపోతే తప్ప కొత్త కంప్యూటర్ కొనేది లేదని నిన్న ఆయన తెగేసి చెప్పబట్టే, పొద్దుటి నుంచీ దాన్ని కాల్చెయ్యాలని ఆమె ఇన్ని తంటాలు పడింది!