కదలని టీచరమ్మ

నేరానికి ఏర్పాట్లన్నీ పొద్దున్నే పూర్తయ్యాయి. టీచరమ్మ గదిలో ఫ్యాను ఆపేసింది, కిటికీ తెరని తాడుతో బిగించి కట్టింది, గోడ గడియారాన్ని దింపి మంచం మీద పెట్టింది.

"అమ్మని కూడా ఆపాలా?" అని భర్త అడిగాడు.

"మొన్న అత్తయ్యగారు నా వెనకనుంచే మంచినీళ్ల గ్లాసుతో నడిచి వెళ్లారండీ. ఇవాళ ఒక్కరోజు వంటింట్లోంచి రాకుండా చూడండి, మీకు దణ్ణం పెడతాను."

బడిలో ఉన్నన్నాళ్లూ అయిదో తరగతికి ఆవిడంటే హడల్. ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే "ముందు కూర్చో" అంటే సరిపోయేది. ఆన్‌లైన్‌లో ఆ మాట పనిచేయడం లేదు. అందరూ ఇళ్లలో కూర్చునే ఉన్నారు. పైగా ప్రతి పిల్ల వెనకా ఓ తల్లో తండ్రో చెవులు రిక్కించుకుని వింటున్నారు.

అందుకే ఈ ఉపాయం. జవాబు తెలియని ప్రశ్న రాగానే నోరు సగం తెరిచి, చెయ్యి గాల్లోనే ఉంచి, రెప్ప వేయకుండా బిగుసుకుపోవడం. నెట్ పోయిందనుకుంటారు. కాసేపు ఆగి క్లాసు కట్టేస్తే సరి. మర్నాడు పిల్లలు "నెట్ బాగైందా టీచర్?" అని ఎంతో జాలిగా అడిగేవారు.

నిజానికి ఇది ఆవిడ సొంత తెలివి కాదు. ఓసారి ఆన్‌లైన్ మీటింగులో "మాకు శిక్షణ ఎప్పుడిప్పిస్తారు మేడం?" అని ఎవరో అడిగేసరికి హెడ్‌మిస్ట్రెస్ బొమ్మ ఇలాగే ఆగిపోయింది. పాపం, ఆవిడ నెట్ ఎప్పుడూ అంతే. అది చూస్తుంటేనే టీచరమ్మకి ఉపాయం తట్టింది.

ఇవాళ ఆ హెడ్‌మిస్ట్రెస్సే ఆన్‌లైన్ క్లాసు తనిఖీకి వచ్చి కూర్చుంది. "ధైర్యంగా చెప్పలేనివాళ్లని పాఠాలు మాన్పించి ఆఫీసులో కూర్చోబెడతాను" అని ముందే హెచ్చరించింది. గుమాస్తా పక్కన కుర్చీ తలుచుకుంటే టీచరమ్మకి ఏడుపొచ్చింది. ఎంత హడలగొట్టినా ఆ పిల్లలంటే ఆవిడకి ప్రాణం.

భాగహారం సాఫీగానే సాగింది. ఇక ముగిద్దామనుకుంటుండగా ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. బెంచీలు లేకపోయినా ఆ పిల్ల ముందు బెంచీయే.

"టీచర్, సున్నాని సున్నాతో భాగిస్తే ఎంతొస్తుంది?"

టీచరమ్మ బిగుసుకుపోయింది. నుదుటి మీంచి చెమట కంట్లోకి జారుతున్నా కదల్లేదు.

"మీ టీచర్‌కి నెట్ పోయినట్టుంది" అంది హెడ్‌మిస్ట్రెస్, అదోలా నవ్వుతూ. "ఆవిడ సంగతి తర్వాత చూస్తాను. జవాబు నేను చెబుతా, రాసుకోండి. ఇలాంటివి తడుముకోకుండా చెప్పాలి. సున్నాని సున్నాతో భాగిస్తే..."

అంతే. నోరు సగం తెరుచుకుని ఆవిడ బొమ్మ కూడా ఆగిపోయింది.

టీచరమ్మ రెప్ప వేయకుండా ఫోను తెరవైపే చూస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ వెనకాల గోడమీద క్యాలెండరు రెపరెపలాడుతోంది. ఎక్కడో ఓ తండ్రి దగ్గాడు.

చివరికి ముందు బెంచీ పిల్లే గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"మేడం, మా టీచరైతే ముందు ఫ్యాను ఆపుకుంటారండీ!"