సామ్సన్ తెచ్చిన రుమాలు

హైమవతి బంగారు గాజులు పోయాయి. కొర్నేలిగారి సామ్సన్ ఉండగా పోలీసులెందుకని సెక్టర్ 4లోని ఆ స్టీల్ ప్లాంటు క్వార్టర్ల బ్లాకంతా ఒక్క గొంతుతో అనేసింది.

సామ్సన్ అల్లాటప్పా కుక్క కాదు మరి. రాయ్‌పూర్ డాగ్‌షోలో, వాసన పట్టే పోటీలో కప్పు కొట్టిన లాబ్రడార్. ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసే కొర్నేలి, డ్యూటీ లేని పూటల్లో దానికి గ్రౌండులో తర్ఫీదు ఇస్తుంటాడు. ఒకేలా ఉండే చెక్కముక్కల్ని పట్టకారుతో తీసి వరసగా పేరుస్తాడు. "తే" అనగానే సామ్సన్ వెళ్ళి ఒక్క ముక్కే తెస్తుంది. అదెలా తెస్తుందో, అదే ఎందుకు తెస్తుందో అడిగిన మనిషి లేడు. కప్పు కనబడితే చాలు మనవాళ్ళకి, ఇంకేం అక్కర్లేదు.

"వద్దండీ. అది పోటీల కుక్క," అన్నాడు కొర్నేలి మొదట్లో.

"అరే భాయ్‌సాబ్, మనుషులు అబద్ధం ఆడతారు గానీ కుక్క ఆడుతుందేటి?" అన్నాడు హైమవతి భర్త లక్ష్మీప్రసాద్. "బ్లాకు పరువు కాపాడాల్సింది మీరే."

కొర్నేలి ఉబ్బిపోయాడు. పదిమంది బతిమాలుతుంటే కాదనడం ఆ మనిషికి చేతకాదు.

ఆదివారం కొర్నేలి చర్చి నుంచి రాగానే బ్లాకు వెనక ఖాళీస్థలంలో అందరూ పోగయ్యారు. ఆ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు. ఎవరి చేతిరుమాలు వాళ్ళే నేలమీద పెట్టాలి. గాజులుండే డబ్బాను సామ్సన్ వాసన చూస్తుంది. ఎవరి రుమాలు తెస్తే వాళ్ళే దొంగ. ఆహా, ఇంత సులువైన న్యాయం కోర్టులో దొరుకుతుందా!

ముగ్గురు పెట్టేశారు. మిగిలింది ఛాయ. శ్రీకాకుళం నుంచి వచ్చి, సెక్టర్ బయట మరోదా బస్తీలో ఉంటోంది. మొగుడు పోయాడు. కూతురు ప్రసూన పదో తరగతి చదువుతోంది. ఛాయకు ఆధారమల్లా ఈ ఇళ్ళలో పని, ఈ ఇళ్ళవాళ్ళ నమ్మకం. దొంగ అన్న మాట పడిందంటే సెక్టర్‌లో ఎవరూ గడప తొక్కనివ్వరు. పిల్ల చదువు అక్కడితో సరి.

కంగారులో ఆమె రుమాలు జారి పడిపోయింది. కొర్నేలికి జాలేసింది. వంగి తనే దాన్ని తీశాడు. మట్టి దులిపి, మడత సరిచేసి, వరస చివర పెట్టాడు.

"భయపడకు తల్లీ. తప్పు చెయ్యనివాళ్ళ జోలికి సామ్సన్ రాడు."

"మీరున్నారు గదా బాబూ, నాకేటి బయం," అంది ఛాయ. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

సామ్సన్ డబ్బా వాసన చూసింది. కొర్నేలి "తే" అన్నాడు. వరస వెంబడి నడిచింది. ఒక్కో రుమాలూ ముక్కుతో తాకి వదిలేసింది. ఛాయ రుమాలు దగ్గర ఆగింది. దాన్ని నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ వచ్చి కొర్నేలి ముందు బుద్ధిగా కూర్చుంది.

"చూశారా! రోజూ ఈ ఛాయ చేతి రొట్టె తినే కుక్క, అయినా మొహమాటపడలేదు!" అంది హైమవతి. చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు, సిగ్గులేని జనం.

"నాను తియ్యనేదమ్మా! నా పిల్ల మీద ఒట్టు! బాబూ, మీరైనా సెప్పండి బాబూ!" ఛాయ వచ్చి కొర్నేలి కాళ్ళు పట్టుకుంది.

కొర్నేలి ముఖం పాలిపోయింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికే లక్ష్మీప్రసాద్ "వాహ్ భాయ్‌సాబ్, వాహ్!" అంటూ ఆయన్ని కావలించుకున్నాడు. అందరూ సామ్సన్‌ను ముద్దు చేస్తున్నారు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుపోయింది.

మరోదాలో ఛాయ గదంతా తిరగేశారు. గాజులు దొరకలేదు. అమ్మేసి ఉంటుందన్నారు. ఇళ్ళన్నీ పని మానిపించాయి. బడిలో "చోర్ కీ బేటీ" అని, దొంగ కూతురని అంటుంటే తట్టుకోలేక ప్రసూన వెళ్ళడం మానేసింది. పని దొరుకుతుందేమోనని ఛాయ పవర్ హౌస్ బజారులో దుకాణం దుకాణం తిరిగింది. ఆమె కంటే ముందే కుక్క కథ అక్కడికి చేరిపోయింది. చివరికి ఒకనాడు, మరోదా దాటాక వచ్చే రైలు పట్టాల మీద, గూడ్సు బండి కింద పడి చచ్చిపోయింది.

కబురు తెలిసిన రోజు కొర్నేలి డ్యూటీకి వెళ్ళలేదు. అన్నం ముట్టలేదు. చీకటి పడుతున్నా లైటు వెయ్యనివ్వలేదు. భార్య సులోచన ఇక ఊరుకోలేకపోయింది.

"ఏటండీ ఇది, మీరేదో సంపీసినట్టు? దొంగని పట్టింది కుక్క గానీ మీరు కాదు గదా!"

కొర్నేలి వెక్కివెక్కి ఏడ్చాడు.

"దొంగని పట్టడం దానికి నేనెప్పుడూ నేర్పలేదు సులోచనా, వరసలో ఉన్నవాటిల్లో నా చెయ్యి తగిలింది ఏదో అదొక్కటే ఏరి తెమ్మని నేర్పాను."