పైలట్ దొర గుర్తు కార్డు

పైలట్ దొర తన అక్క మొగుణ్ని పదకొండేళ్లుగా పిలిచే పేరు ఒక్కటే. మూటకూలి.

నిజానికి ఆ బావ సైన్యంలో రక్షకదళం మనిషి. విమానం కూలినచోట హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగుతాడు. పడ్డవాణ్ని నడుముకి కట్టుకుని పైకి తెస్తాడు. చదువు పదితో ఆగింది.

"మేం ఎగురుతాం. బావ మోస్తాడు," అని దొర నలుగురిలో నవ్వేవాడు. అక్క ఇంటికొస్తే కుర్చీ తుడుచుకుని మరీ కూర్చునేవాడు. టీ ఇస్తే గ్లాసు అంచు పరీక్షించేవాడు. అదీ ఆయనగారి సంస్కారం.

అక్క నోరెత్తేది కాదు. కన్నతండ్రే కాదనుకున్నాక తమ్ముణ్ని ఏమంటుంది? కూలివాణ్ని చేసుకుందన్న కోపంతో ఆ పెద్దాయన పోయేముందు రోడ్డు పక్క స్థలమంతా కొడుకు పేర రాసి వేలిముద్ర వేశాడట. స్థలం కోసం ఆమె ఏడవలేదు. "నాన్న నామీద కోపంతోనే పోయాడు" అని మాత్రం ఏడ్చేది. ఆయన ఫొటో గోడవైపు తిప్పి పెట్టింది.

"నావల్లే కదే," అనేవాడు మొగుడు, బూట్లు విప్పుకుంటూ.

ఇంతలో దొరగారి విమానం శత్రువుల కొండల్లో కూలింది. దొరగారు పారాచూట్‌తో దిగి, కాలు విరగ్గొట్టుకుని బండల మధ్య పడ్డారు. వెళ్లిన హెలికాప్టర్‌లో ఉన్నది మూటకూలే.

రక్షకదళానికి ఒక పద్ధతుంది. రేడియోలో పలికేవాడు మనవాడేనని తేలందే తాడు దించరు. అందుకని ప్రతి పైలట్ ముందే ఒక కార్డు రాసి సీలు వేసి ఇస్తాడు. ఏ రికార్డులోనూ లేనిది, కట్టుకున్నదానికి కూడా తెలియనిది ఒక్క సంగతి, ప్రశ్నా జవాబూగా. పైలట్ పడితేనే కవరు విప్పుతారు. దొర పడడం కూడానా! ఆ ధీమాతో ఏది తోస్తే అది గీకి పారేశాడు.

హెలికాప్టర్ కెప్టెన్ కవరు చింపాడు. జవాబు తన దగ్గరే ఉంచుకుని, ప్రశ్న మాత్రం మూటకూలికి చెప్పాడు.

"త్వరగా తాడు దించండ్రా!" రేడియోలో దొర అరుస్తున్నాడు.

"ముందు దీనికి జవాబు చెప్పు. మీ నాన్న ఆఖరి వేలిముద్ర ఎప్పుడు పడింది?"



"బావా... నువ్వా?"

"నేనే. మూటకూలిని."

"గొంతు గుర్తుపట్టావుగా! ఇంకా జవాబెందుకు? వేరేదేమైనా అడుగు బావా, నీ కాళ్లు పట్టుకుంటా."

"నేను గుర్తుపడితే చాలదు బాబూ. జవాబు కెప్టెన్ వినాలి, కార్డుతో సరిపోవాలి. నువ్వు రాసిందేగా, చెప్పడానికేం? నాలుగు నిమిషాలకి మించి ఇక్కడ ఆగలేం."

అప్పటికే అతను తాడు నడుముకి బిగించుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

కింద తుపాకి పేలింది. దొర గొంతు పిల్లికూన గొంతయింది.

"ఆయన వెయ్యలేదు బావా... ప్రాణం పోయిన అరగంటకి నేనే వేలు పట్టుకుని వేయించుకున్నాను, మొత్తం నలభై రెండు సెంట్లకీ."